రకానికొకటి

“రకానికొకటి. అంతే. ఆ పైన ఒక్కటి కొంటే అడుగు.”

ఈ వ్యాసకర్త తన ఇల్లాలికి ఇచ్చిన మాట ఇది. ఇచ్చిన చోటు ఇంగ్లండులో రీడింగ్ అనే ఊరు, వంటగదిలో బల్ల దగ్గర. బల్ల మీద పాత జామ్ సీసా ఒకటి. ఆ దేశంలో కార్ బూట్ సేల్ అని ఒక సంత జరుగుతుంది. ఆదివారం తెల్లవారుతూనే జనం ఏ పచ్చిక మైదానంలోనో కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి, అటక మీది సామానంతా దించి అమ్ముకుంటారు. సీసా అక్కడిది. వెల ఐదు పౌండ్లు. లోపల నల్లనివి, గోధుమరంగువి, మాసిన తెల్లనివి, పసుప్పచ్చగా పన్నెండు మూలలున్నవి, ఓ ఎనభై దాకా నాణేలు. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ తన పాత లెక్క వదిలేసి పౌండుకు వంద పెన్నీలే అని తేల్చిన రోజున, ఎవరో బామ్మగారు “మళ్ళీ ఎప్పుడైనా మనసు మార్చుకుంటారేమో” అని దాచి ఉంటుంది.

“ఇవి చెల్లుతాయా?” అందావిడ.

“చెల్లవు.”

“అంటే చెల్లే డబ్బిచ్చి చెల్లని డబ్బు తెచ్చారు.”

దీనికి సమాధానం వ్యాసకర్త దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే మాట మార్చి, తను చెయ్యబోయేది ఎంత చిన్న పనో వివరించాడు.

నాణేలు కూడబెట్టే జనంలో రెండు తెగలున్నాయి. మొదటిది సంవత్సరాల తెగ. వీళ్ళకు పెన్నీ అంటే ప్రతి ఏటి పెన్నీ ఒక్కోటి కావాలి. ఇలా ఏడు వెంట ఏడు పేర్చుకుంటూ వచ్చి 1933 దగ్గర బోర్లా పడతారు. ఆ ఏడు బ్యాంకుల్లో పెన్నీలు మూలుగుతున్నాయని కొత్తవి కొట్టలేదు. కానీ కొత్త భవనాల పునాదిరాయి కింద ఆ ఏటి నాణేలు పెట్టే ఆచారం ఒకటుంది కాబట్టి, దానికోసమూ మ్యూజియం కోసమూ కొద్దిగా కొట్టారు. పట్టుమని పది కూడా లేవు. 1970లో లీడ్స్‌లో ఒక చర్చి పునాదిరాయి కింద ఉన్నదాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. ఆ మాట విన్న బిషప్ గారు, అక్కడే మరో చర్చి పునాదిలో ఉన్నదాన్ని దొంగలకంటే ముందు తనే తవ్వించి తీయించి, అమ్మించేశారు. ఒక పెన్నీ కోసం దేవుడి గుడి పునాది కదిలించే తెగలో చేరడం సంసారి చేసే పని కాదు.

రెండోది రకాల తెగ. వీళ్ళు కూర్చేదాన్ని టైప్ సెట్ అంటారు. ఒక్కో నాణేనికి ఒక్కో నమూనా చాలు. ఏ సంవత్సరమైనా ఫర్వాలేదు. వ్యాసకర్త చేతివేళ్ళ మీద లెక్క చూపించాడు. ఫార్దింగు, హాఫ్‌పెన్నీ, పెన్నీ, మూడు పెన్నీలది, ఆరు పెన్నీలది, షిల్లింగు, ఫ్లోరిన్, హాఫ్ క్రౌన్, క్రౌన్. మొత్తం తొమ్మిది. విక్టోరియా నుంచి రెండో ఎలిజబెత్ దాకా సింహాసనమెక్కి నాణెం మీదికి కూడా ఎక్కినవాళ్ళు అయిదుగురు. అయిదు తొమ్ములు నలభై అయిదు. ఆల్బంలో రెండు పేజీలు. వచ్చే సంక్రాంతికి పూర్తి.

ఇల్లాలు ఒప్పుకుంది. ఆవిడకు లెక్కలు బాగా వచ్చు, కానీ బ్రిటిష్ రాజుల సంగతి తెలియదు.

ఆ వేసవిలో కాకినాడ నుంచి వ్యాసకర్త తల్లి వచ్చింది, ఆరు నెలల వీసా మీద. కొడుకు ఆ పాత లెక్కలో పెన్నీలు, షిల్లింగులు ఎలా కూడాలో తెలియక కాగితం, కాలిక్యులేటరు పెట్టుకుని కుస్తీ పడుతుంటే ఆవిడ కాసేపు చూసింది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, వెరసి పౌండుకు 240 పెన్నీలు. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగు. పెన్నీకి గుర్తు ‘పి’ కాదు, ‘డి’. రోమన్ల కాలపు డినేరియస్ అనే నాణెం పోయి పదిహేను వందల ఏళ్ళు దాటినా దాని మొదటి అక్షరం పోలేదు.

“ఇందులో అంత వింతేముందిరా?” అంది తల్లి. “అణాకి పన్నెండు పైలు, పదహారణాలకి రూపాయి. వీళ్ళకి ఇరవై. అంతేగా?”

అంతే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చేనాటికి ఆవిడ మూడో తరగతి. అప్పటికే పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం బెత్తం సాయంతో లోపలికి దిగి ఉన్నాయి. ఏడు షిల్లింగుల ఆరు పెన్నీల చొప్పున డజను ఎంతంటే కొడుకు కాలిక్యులేటర్ తెరిచేలోగా “నాలుగున్నర పౌండ్లు” అనేసింది. బ్రిటన్ తన లెక్క మార్చుకోవడానికి మనకన్నా దాదాపు పద్నాలుగేళ్ళు ఎక్కువ తీసుకుందని తెలిసినప్పుడు మాత్రం ఆవిడ ముఖంలో కాస్త జాలి కనపడింది. క్లాసులో వెనకబడిన పిల్లాడిని చూసే జాలి అది.

నిజానికి వాళ్ళు చాలా ముందే మొదలుపెట్టారు. 1849లో రెండు షిల్లింగుల ఫ్లోరిన్ తెచ్చి, దాని మీద ‘పౌండులో పదో వంతు’ అని చెక్కించారు. ఇదిగో దశాంశానికి తొలిమెట్టు అన్నారు. మలిమెట్టు ఎక్కడానికి 122 ఏళ్ళు పట్టింది. ఫ్లోరిన్ వచ్చింది కదా, రెండున్నర షిల్లింగుల హాఫ్ క్రౌన్‌తో ఇంకేం పని అని దాన్ని కొట్టడం ఆపేశారు. ఇరవై ఏళ్ళు దాటాక జనం అడుగుతున్నారని 1874లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత తొంభై ఏళ్ళకు పైగా ఆ రెండూ, ఇంచుమించు ఒకే సైజులో, ఒకే జేబులో కాపరం చేశాయి. ఈ హాఫ్ క్రౌన్ సంగతి మరీ తమాషా. సగం క్రౌన్ ప్రతి దుకాణంలోనూ దొరికేది. పూర్తి క్రౌన్ పట్టాభిషేకాలకూ, ఉత్సవాలకూ తప్ప అంతగా కంటపడేది కాదు. 1965లో చర్చిల్ బొమ్మతో క్రౌన్ కొట్టినప్పుడు మాత్రం దాదాపు 2 కోట్లు కొట్టారు. అందరూ ముందుముందు విలువ పెరుగుతుందని దాచుకున్నారు. అందరూ దాచుకున్నందువల్లే పెరగలేదు. వ్యాసకర్త కొన్న సీసాలో అవి మూడున్నాయి.

గిన్నీ అని ఇంకొకటుంది, 21 షిల్లింగులు. 1814 తర్వాత ఆ నాణెం కొట్టలేదు. కానీ డాక్టర్లు, లాయర్లు, దర్జా దుకాణాలవాళ్ళు ఆ తర్వాత నూట యాభై ఏళ్ళు గిన్నీల్లోనే బిల్లు వేశారు. పందెపు గుర్రాల వేలంపాటలో ఇప్పటికీ గిన్నీల మాట వినపడుతుంది. “లేని నాణెంతో బేరమా?” అని ఇల్లాలు నవ్వింది. అణా పోయి ఇన్నేళ్ళయినా మన పత్రికలు ప్రతి సంక్రాంతికీ పదహారణాల తెలుగమ్మాయిని ముఖచిత్రం వేస్తూనే ఉన్నాయని అత్తగారు గుర్తు చేసింది.

ఫార్దింగుతో సేకరణ శుభంగా మొదలైంది. 1937 నుంచి దాని మీద రెన్ అనే బుల్లి పిట్ట ఉంటుంది. విలువలో అతి చిన్న నాణెం మీద అతి చిన్న పిట్టల్లో ఒకటి. పిట్ట కొంచెమేగానీ దాని తోక ఎంత నిక్కబొడుచుకుని ఉంటుందంటే, వెనకవైపున్న రాజుగారికంటే అదే ఠీవిగా కనపడుతుంది. 1960 చివరికి దాన్ని చెల్లకుండా చేశారు. ఇలా ఒక్కొక్కటే గూళ్ళలో కూర్చుంటుండగా విక్టోరియా వచ్చింది. సంక్రాంతి ముహూర్తం అక్కడ తప్పింది.

రావణాసురుడికి పది తలలున్నా పదీ ఒకేసారి ఉండేవి. విక్టోరియాకు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పద్దెనిమిదేళ్ళకు పట్టమెక్కినప్పుడు విలియం వయాన్ చెక్కిన పడుచుపిల్ల తలను చాలా వెండి నాణేల మీద యాభై ఏళ్ళు కదపలేదు. జేబులో షిల్లింగు మీద ఆవిడకు పద్దెనిమిది, మహల్లో అరవై ఎనిమిది. 1887లో స్వర్ణోత్సవం వచ్చేసరికి ఇక బాగుండదని కొత్త తల చేయించారు. తెల్లారేసరికి రాణిగారికి ముసలితనం వచ్చేసింది, దానిమీద ఒక బుల్లి కిరీటం కూడా. “ఇది జారిపోదూ?” అంది వ్యాసకర్త తల్లి. దేశమంతా అదే అడిగి పగలబడి నవ్వింది. నిజానికి ఆ బుల్లి కిరీటం ఆవిడ 1870లో చేయించుకున్నదే. భర్త పోయినప్పటి నుంచీ వేసుకుంటున్న ముసుగు మీద బరువు లేకుండా పెట్టుకోవడానికి. నిజమైనంత మాత్రాన నాణెం మీద బాగుండాలని లేదు కదా. 1893లో ఆ తల తీసేసి ముసుగుతో ఇంకో తల వేశారు.

ఇవి వెండికి. రాగి పెన్నీల లెక్క వేరు. 1860లో రాగి పోయి కంచు వచ్చినప్పుడు జుట్టు ముడి వేసుకున్న ఒక తల వచ్చింది, దాన్ని ‘బన్ హెడ్’ అంటారు, మన మాటలో కొప్పు తల. పెన్నీ మీద ఆ కొప్పు 1894 దాకా చెక్కు చెదరలేదు, బుల్లి కిరీటం అటు అసలు రాలేదు. షిల్లింగు మీద వచ్చిన బుల్లి కిరీటంలో మళ్ళీ చిన్న తల, పెద్ద తల అని రెండు. 1849 ఫ్లోరిన్ మీద ‘దేవుడి దయవల్ల’ అనే లాటిన్ మాటలు వదిలేశారు. దానికి ‘దేవుడు లేని ఫ్లోరిన్’ అని పేరు పడింది. రెండేళ్ళకు దేవుణ్ణి వెనక్కి తెస్తూ, కసి తీర్చుకున్నట్టు మొత్తం గోథిక్ లిపిలో, సంవత్సరం రోమన్ అంకెల్లో వేశారు. ఒక నాణెం ఏ ఏటిదో చదవడానికి వ్యాసకర్తకు కళ్ళద్దాలు, భూతద్దం, అర గంట పట్టాయి.

అన్నిటిలోకీ వ్యాసకర్తకు ఇష్టమైన తప్పు 1887 ఆరు పెన్నీలది. కొత్త ఆరు పెన్నీల వెనక డాలు బొమ్మ వేశారు. బంగారు అర సావరిన్ వెనకా దాదాపు అలాంటి డాలే. సైజూ ఇంచుమించు అంతే. రెంటి మీదా విలువ రాయలేదు. కాస్త బంగారు పూత వేస్తే ఆరు పెన్నీలు పది షిల్లింగులవుతుందని అర్థమవడానికి లండన్ ఘనులకు ఎంతోకాలం పట్టలేదు. అదే ఏడు ఆ డాలు ఉపసంహరించి, ‘సిక్స్ పెన్స్’ అని అక్షరాల్లో రాసి ఉన్న పాత దండ బొమ్మే మళ్ళీ వేశారు. అలాగే పొరబడేలా నాలుగు షిల్లింగుల డబుల్ ఫ్లోరిన్ కూడా తెచ్చారు. మసక వెలుతురు సారా దుకాణాల్లో దాన్ని అయిదు షిల్లింగుల క్రౌన్ అనుకుని చిల్లర ఇచ్చేసే పనిపిల్లల పుణ్యమా అని దానికి ‘బార్‌మెయిడ్ కొంప ముంచేది’ అన్న అర్థంలో ఒక ముద్దుపేరు వచ్చింది. అది 1890లో ఆగిపోయింది. ఆగిపోతేనేం, అది కూడా ఒక రకమే. నలభై అయిదులో దానికి గూడు లేదు. ఆల్బంలో మూడో పేజీ వచ్చింది.

ఒకరోజు ఇల్లాలు ఆ ఆల్బం తెరిచింది.

“ఇవన్నీ షిల్లింగులేనా?”

“షిల్లింగులే.”

“ఇద్దరి కాలానివే పదున్నాయి.”

“పదీ వేరు వేరు రకాలు.”

వ్యాసకర్త అబద్ధం చెప్పలేదు. ఆరో జార్జి భార్య స్కాట్లండు ఇంటిపిల్ల కాబట్టి ఆవిడ గౌరవార్థం 1937 నుంచి షిల్లింగు రెండు జాతులైంది, ఇంగ్లీషు సింహంతో ఒకటి, స్కాటిష్ సింహంతో ఒకటి. 1946 దాకా సగం వెండి. 1947 నుంచి వెండి చుక్క లేదు, రాగి నికెల్ మిశ్రమం. కాబట్టి మళ్ళీ రెండు. అదే ఏడాది ఆగస్టులో భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రాజుగారి పేరు పక్కన ‘హిందూదేశ చక్రవర్తి’ అని లాటిన్‌లో ఉండే రెండు పొట్టి మాటలను 1949 నాణేల నుంచి తొలగించారు. కాబట్టి ఇంకో రెండు. ఆరయ్యాయి. రెండో ఎలిజబెత్ 1953 నాణేల మీద ‘సకల బ్రిటన్‌లకూ’ రాణి అన్నారు, 1954 నుంచి అది తీసేశారు. సింహాలు రెండు, బిరుదులు రెండు, నాలుగు షిల్లింగులు.

“అంటే గాంధీగారు చేసిన పనికి కూడా మనమే రెండు షిల్లింగులు కొనాలా?” అంది ఇల్లాలు.

ఇక ఎనిమిదో ఎడ్వర్డ్. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఒక రాజు ఎడమవైపు చూస్తే తర్వాతి రాజు కుడివైపు చూడాలన్నది రెండో ఛార్లెస్ నాటి నుంచీ నాణేల మర్యాద. తండ్రి ఎడమకు చూశాడు కాబట్టి ఈయన కుడికి చూడాలి. ఈయన కుదరదన్నాడు. తన పాపిడి ఉన్న వైపే తనకు అందమట. వాదులాట అవుతుండగానే 1936 డిసెంబరులో ప్రేమించిన మనిషి కోసం గద్దె దిగి వెళ్ళిపోయాడు. నాణేలు విడుదలే కాలేదు. పన్నెండు మూలల మూడు పెన్నీలవి కొన్ని, నాణెం వేస్తే సరుకిచ్చే మెషీన్లవాళ్ళకు పరీక్షించుకోమని ముందే ఇచ్చారు. వాటిలో కొన్ని తిరిగి రాలేదు. అవి ఇప్పుడు కొనాలంటే వ్యాసకర్త ఇల్లమ్మాలి. తమ్ముడు ఆరో జార్జి గద్దెనెక్కి ఎడమవైపే చూశాడు. అంటే అన్నగారు బుద్ధిగా కుడివైపు చూశాడనీ, ఆ తర్వాత తన వంతు ఎడమదనీ లెక్క. జరగని పనిని జరిగినట్టే దాటవేసే ఈ పెద్దరికం పెళ్ళిచూపుల్లో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు.

ఈయన పేరుతో అసలు ఏ నాణెమూ లేదా అంటే, తూర్పు ఆఫ్రికాకు, పశ్చిమ ఆఫ్రికాకు, ఫిజీకి కొట్టినవి ఉన్నాయి. వాటి మధ్యలో చిల్లు. బొమ్మ ఉండదు, చిల్లు చుట్టూ పేరుంటుంది. తల వంకర పెట్టినందుకు తల ఉండాల్సిన చోట సున్న చుట్టినట్టు ఉంటుంది. వ్యాసకర్త ఒకటి తెచ్చాడు, ఇది బ్రిటన్‌ది కాదని తెలిసి కూడా. తల్లి చూసి మురిసిపోయింది. “చిల్లు కాణీ!” యుద్ధకాలంలో లోహం కరువై 1943 నుంచి మన దగ్గరా అలాంటివి కొట్టారు. ఆవిడ చిన్నప్పుడు వాటిని దారానికి గుచ్చి మొలకు కట్టుకున్న పిల్లలుండేవారట.

నాణేలమ్మే పెద్దమనుషుల భాష నేర్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. అది అచ్చంగా పెళ్ళిళ్ళ పేరయ్యల భాష. ‘ఫెయిర్’ అంటే నాణెం మీద మనిషి ఉన్నాడో లేడో మీ అదృష్టం. ‘ఫైన్’ అంటే ముక్కూ చెవీ అరిగి చదునైపోయినవాడు. ‘వెరీ ఫైన్’ అంటే కాస్త ముఖకవళికలున్నాయి. ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’ అంటే బాగుంది కానీ మీరు కొనలేరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ వ్యాపారం చూసే పుట్టి ఉండాలి. వ్యాసకర్త కొన్నప్పుడు ‘వెరీ ఫైన్’ అయిన హాఫ్ క్రౌన్, అమ్మబోయినప్పుడు అదే దుకాణంలో, అదే భూతద్దం కింద ‘దాదాపు ఫైన్’ అయింది. మధ్యలో అది ఆల్బం దాటి బయటకు రాలేదు.

అసలు ఘోరం మాత్రం, తల్లి ఇంకా ఉండగానే, ఇంట్లో జరిగింది.

కొప్పు తల పెన్నీ ఒకటి, 1862 నాటిది, మూడు నెలలు వెతికి తెచ్చాడు. నూట అరవై ఏళ్ళు గాలీ చెయ్యీ తగిలి చాక్లెట్ రంగుకు తిరిగింది. ఆ రంగే దాని ప్రాణం. దాన్ని తుడవకూడదు, రుద్దకూడదు, అంచులు పట్టుకుని తప్ప ఎత్తకూడదు. వ్యాసకర్త ఇవన్నీ ఇంట్లో అందరికీ చెప్పాడు, తల్లికి తప్ప. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి దేవుడి ముందు రాగి చెంబు, ఇత్తడి కుందులు, హారతి పళ్ళెం ధగధగలాడుతున్నాయి. పక్కనే పళ్ళెంలో పెన్నీ. కొత్త పెళ్ళికూతురిలా ఎర్రగా మెరుస్తోంది.

“ఎంత కిలుం పట్టిందిరా అది! చింతపండేసి ఓ పావుగంట తోమితే గానీ రాలేదు. ఇప్పుడు చూడు.”

వ్యాసకర్త చూశాడు. కొప్పులో వెంట్రుకలు ఇదివరకు విడివిడిగా కనపడేవి. ఇప్పుడు రాణిగారు తలస్నానం చేసి నూనె రాసుకున్నట్టుంది. ఏమీ అనలేదు. చింతపండును వీసా వాళ్ళు ఆపరు, అమ్మను ఎవరూ ఆపలేరు. ఒక అమ్మకందారుకు చూపిస్తే ఆయన ఒక్క మాట అన్నాడు, “క్లీన్డ్.” మన ఊళ్ళో ఆసుపత్రి వరండాలో డాక్టరు తల అడ్డంగా ఊపినట్టే ఉంది ఆ మాట.

బంగారం విషయంలో మాత్రం ఇంట్లో ఊహించని మద్దతు లభించింది. టైప్ సెట్‌లో సావరిన్ ఉండాలా వద్దా అని వ్యాసకర్త సంకోచిస్తుంటే ఇల్లాలే ముందుకొచ్చింది. 22 క్యారెట్లు, 7.98 గ్రాములు. దక్షిణాది బంగారు కొట్లలో ఎనిమిది గ్రాములకు సవరన్ అన్న పేరు ఈ నాణెం పుణ్యమే. “ఇదుగో, ఇది సేకరణంటే. విక్టోరియాకి మూడు తలలన్నారుగా, మూడూ కొనండి. రాజుకొకటి కూడా కొనండి. కాసులపేరుకు సరిపోతుంది.” రకాల శాస్త్రాన్ని ఆవిడ అంత త్వరగా ఒంటబట్టించుకుంటుందని వ్యాసకర్త అనుకోలేదు. గూడు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

తల్లి కాకినాడ వెళ్ళిపోయాక వ్యాసకర్త ఇంకో మెట్టు దిగజారాడు. విక్టోరియా దగ్గర మొదలుపెట్టినవాడు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. 1797లో బర్మింగ్‌హాం దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో రాగి పెన్నీలు కొట్టాడు. పెన్నీకి పెన్నీ విలువ చేసే రాగి ఉండాలని పట్టుబట్టి, పెన్నీ ఔన్సు బరువు, రెండు పెన్నీలది రెండు ఔన్సులు చేశాడు. అంచు దళసరిగా ఎత్తుగా ఉండటంతో బండిచక్రం అని పేరు పడింది. జేబులో నాలుగు వేసుకుంటే పంట్లాం జారిపోతుంది. జనం వాటిని తూకం రాళ్ళుగా వాడుకున్నారు. వ్యాసకర్త ఒక బండిచక్రం కొని, ఫోటో తీసి వాట్సాప్‌లో తల్లికి పంపాడు, సోహో టంకశాల కథంతా రాసి.

రెండు రోజులకు కాకినాడ నుంచి ఒక ఫోటో వచ్చింది. రాగి బిళ్ళ. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ సరుకు మూటల మీది గుర్తు, కింద 1797. రెండోవైపు సింహాల డాలు, ఇంగ్లీషులో ‘రూపాయికి 48’ అని. ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, అదే ఏడు అదే సోహోలో అదే బోల్టన్ యంత్రాలు కొట్టి ఓడ ఎక్కించిన నాణెం. వ్యాసకర్త నాయనమ్మ దేవుడి అరలో పెట్టిందట. ఇప్పటిదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదట.

వ్యాసకర్త ఫోన్ చేసి గొంతు అదుపులో పెట్టుకుని అడిగాడు. “అమ్మా, దాన్ని ఏమీ చెయ్యకు. వచ్చినప్పుడు నేనే తీసుకుంటాను.” అన్నాక గుర్తొచ్చింది, వందేళ్ళు దాటిన నాణేన్ని మన దేశం నుంచి బయటికి తీసుకుపోవడం చట్టం ఒప్పుకోదు. రెండు శతాబ్దాల కింద ఓడలో వచ్చింది, విమానంలో తిరిగి వెళ్ళలేదు. ఆల్బంలో బండిచక్రం పక్క గూట్లో ఫోటో పెట్టుకోవాల్సిందే. పైగా ఇందులో రూపాయికి 96 వంతులది కూడా ఉందని కేటలాగు చెబుతోంది. అది ఇంకో రకం.

“అంత బతిమాలాలేంట్రా,” అంది తల్లి. “ఎక్కడికీ పోదు. దేవుడి దగ్గరే ఉంటుంది. పాపం నల్లగా మట్టిగొట్టుకుపోయింది. ఫోటో బాగా రావాలని ముందే చింతపండు పెట్టి తోమాలే. చూశావుగా, ఎలా మెరుస్తోందో!”